43 ఏళ్ళు, రాత్రి మూడింటికి మెలకువ, 23 రోజులకే డేట్... ఏమిటిది?

గోంగూర_పచ్చడి | ఫిబ్రవరి 6, తెల్లవారుజాము 3:40

అందరికీ నమస్తే. టైము చూసి నవ్వకండి, ఈ టైముకి మెలకువ రావడమే నా సమస్య.

నాకు 43. ఉండేది గుంటూరు, బ్యాంకులో క్యాష్ కౌంటర్. ఇద్దరు పిల్లలు, పెద్దది ఇంటర్. ఆర్నెల్లుగా ఒంట్లో ఏదో తేడాగా ఉంది, ఇదీ అని వేలు పెట్టి చూపించలేను. పదిన్నరకి పడుకుంటే నిద్ర బాగానే పడుతుంది. రెండున్నర, మూడు మధ్య ఎవరో తట్టి లేపినట్టు కళ్ళు తెరుచుకుంటాయి. గుండె దడదడ. మెడ వెనకాల, జుట్టు మొదట్లో కాస్త తడి. ఇక అయిదింటికి పాలబ్బాయి బెల్లు కొట్టేదాకా ఫ్యాను రెక్కలు చూస్తూ పడుకోవడమే.

పగలు చిరాకు. మొన్న ఒక పెద్దాయన చిరిగిన నోటు ఇచ్చారని కసిరాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఎవర్నీ అలా అనలేదు. లంచ్‌లో బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను. నిన్న పోపు పెడుతూ "అవి తేవే, అవే, నల్లగా చిన్నగా ఉంటాయి చూడు" అన్నాను మా అమ్మాయితో. ఆవాలన్న మాట నోటికి రాలేదు. అది నవ్వింది. నాకు మాత్రం భయమేసింది.

డేట్ ఆగలేదు. ఆగకపోగా ముందే వచ్చేస్తోంది, ఎక్కువగానూ అవుతోంది. అందుకే ఇది ముట్లుడిగే గొడవ కాదనుకుంటున్నా. అదైతే ఆలస్యంగా రావాలి కదా? థైరాయిడ్ చేయించాను, టీఎస్‌హెచ్ 3.1, నార్మల్ అన్నారు. డాక్టరు గారు "టెన్షన్లు తగ్గించుకోండమ్మా" అని నిద్రమాత్ర రాశారు. ఇంకా వేసుకోలేదు. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

సాయంత్రం_టీ | ఫిబ్రవరి 6, తెల్లవారుజాము 3:52

నేనూ లేచే ఉన్నా 🙋‍♀️ నాకు 45. మూడింటికి లేచి ఫ్రిజ్ సర్దుతాను. పెళ్ళయ్యాక మా ఫ్రిజ్ ఇంత శుభ్రంగా ఉండటం ఇదే మొదటిసారి.

వరంగల్_వదిన | ఫిబ్రవరి 6, ఉదయం 6:15

గోంగూరా, నువ్వు రాసింది చదువుతుంటే నా అయిదేండ్ల కిందటి కథ ఎవరో రాసినట్టుంది. ఇప్పుడు నాకు 49. హనుమకొండల టీచర్‌ని.

నేను గూడ నీ లెక్కనే అనుకున్న. ముట్లుడుగుడంటే నెలలు తప్పుకుంట పోతయి, ఒళ్ళంత మంట లేస్తది, అదొక్కటే ఎరుక. మా అమ్మ, పెద్దమ్మ చెప్పింది గంతే. కానీ నాకు మొదలైంది ఉల్టా. 28 రోజులకు గడియారం లెక్క వచ్చేది 25 అయింది, 23 అయింది. ఒకపారి ఇరవయ్యొక్క రోజుకే వచ్చింది, స్కూల్ల ఆన్యువల్ డే నాడు, స్టేజీ మీద. ఆలస్యంగ వచ్చుడు రెండేండ్ల తర్వాత గానీ షురూ కాలే. గప్పటిదాంక ఎవ్వలకు చూపిచ్చినా "నెలనెలా వస్తుంది కద, నీకింక టైముంది" అన్నోళ్ళే.

ఆ రెండేండ్లు నాకు పిచ్చి లేస్తుందేమో అనుకున్న. నిజంగ.

లేబర్‌రూమ్_సిస్టర్ | ఫిబ్రవరి 6, ఉదయం 10:20

అమ్మాయ్, నేను డాక్టర్ని కాను. కాకినాడ వైపు ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. కాబట్టి నా మాట నమ్మి ఇంట్లో కూర్చోకుండా, ఇక్కడ చదివింది పట్టుకుని డాక్టరమ్మని నాలుగు ప్రశ్నలు అడుగు.

వదిన చెప్పింది కరెక్ట్. నలభైకి కంటికొచ్చే మసకని మన పెద్దవాళ్ళు చత్వారం అన్నారు. వయసుతో వచ్చేదే అని తెలుసు, అద్దాలు పెట్టుకుంటాం, ఎవరూ సిగ్గుపడరు. అదే వయసులో కడుపులో మొదలయ్యే దీనికి మాత్రం మనకి పేరు లేదు. "ముట్లుడగడం" అనేది చివరి స్టేషను పేరు. వరుసగా 12 నెలలు డేట్ రాకపోతే అప్పుడు వెనక్కి తిరిగి చూసి మెనోపాజ్ అయిందంటారు. దానికి ముందు నాలుగేళ్ళో, ఎనిమిదేళ్ళో నడిచే దారి పెరిమెనోపాజ్. ఆ దారి మొదట్లో డేట్ ఆగదు. చాలామందికి దగ్గర పడుతుంది.

ఎందుకంటే, అండాశయంలో గుడ్లు తగ్గుతున్న కొద్దీ అది మెదడు మాట సరిగా వినదు. వినకపోతే మెదడు గొంతు పెంచుతుంది. ల్యాబ్ రిపోర్టులో ఎఫ్ఎస్‌హెచ్ అని కనపడే హార్మోన్ ఆ అరుపే. గట్టిగా అరిచేసరికి మిగిలిన గుడ్డు హడావిడిగా ఎదుగుతుంది. 14 రోజులు పట్టాల్సిన పని పదికో పదకొండుకో అయిపోతుంది. అంచేత నెల పొట్టిదవుతుంది.

ఇంకొన్ని నెలలు అసలు గుడ్డు విడుదలే కాదు. విడుదలైతేనే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారవుతుంది. అది లేనప్పుడు ఈస్ట్రోజన్ అనే రెండో హార్మోన్ ఒక్కటే పనిచేసి గర్భసంచి లోపలి పొరని మందంగా పెంచేస్తుంది. ఆ పొర ఊడినప్పుడు గడ్డలు గడ్డలుగా పోతుంది. ఈస్ట్రోజన్ తగ్గిపోతుందని అందరూ అంటారు గానీ మొదట్లో అది తగ్గదమ్మా, ఊగుతుంది. ఒక వారం మామూలు కన్నా ఎక్కువ, ఇంకో వారం పాతాళం. నీ కసురుడు, నీ ఏడుపు చాలావరకు ఆ ఊగుడులోవే అయ్యుండొచ్చు.

నాకు మూడు సంగతులు కావాలి. పోయిన ఆరేడు డేట్లు. హిమోగ్లోబిన్ ఎంత. రోజుకి ఎన్ని ప్యాడ్లు, గడ్డలు పడుతున్నాయా. థైరాయిడ్ చూశారు, మంచిదే. రక్తం ఎవరైనా చూశారా?

గోంగూర_పచ్చడి | ఫిబ్రవరి 6, రాత్రి 9:05

సిస్టర్ గారూ, డేట్లు నేనెప్పుడూ రాసుకోలేదు. సాయంత్రం వంటింట్లో తలపట్టుకుని కూర్చుంటే మా అత్తయ్య "ఏం కావాలే?" అన్నారు. చెప్పాను. ఆవిడ గోడ మీద పాల లెక్కల కేలండర్ తీసి నా ముందు పడేశారు. దాని కింద పోయినేడాదిదీ ఉంది.

సంగతేమిటంటే, ఆ నాలుగు రోజులూ నేను దేవుడి గదిలోకి వెళ్ళను. దీపం ఆవిడే పెడతారు. ఆవిడ దీపం పెట్టిన మొదటి రోజు పెన్నుతో చిన్న గీత గీస్తారట! ఎందుకత్తయ్యా అంటే "నూనె ఎంతవుతుందో చూసుకోవద్దూ" అన్నారు. పదహారేళ్ళుగా మడి ఆచారాల మీద మా ఇద్దరికీ పేచీయే. ఇవాళ ఆ గీతలే నాకు దిక్కయ్యాయి.

సెప్టెంబరు 3, సెప్టెంబరు 28, అక్టోబరు 21, నవంబరు 22, డిసెంబరు 14, జనవరి 8, ఫిబ్రవరి 1.

అంటే 25, 23, 32, 22, 25, 24 రోజులు. పెళ్ళయిన కొత్తలో ఎప్పుడూ 28, 29.

హిమోగ్లోబిన్ చూడలేదు. మొదటి రెండు రోజులు రెండు గంటలకో ప్యాడ్. గడ్డలు ఉన్నాయి, రేగిపండంత. క్యాష్ కౌంటర్ వదిలి లేవడం ఎంత కష్టమో చెప్పలేను. లేచిన ప్రతిసారీ డబ్బు లెక్క చూసి లాక్ చేసి వెళ్ళాలి.

లేబర్‌రూమ్_సిస్టర్ | ఫిబ్రవరి 6, రాత్రి 9:48

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

చూడు, 23 తరవాత 32, వెంటనే 22. పక్కపక్క నెలలకి తొమ్మిది పది రోజుల తేడా. దీని మీద డాక్టర్లకి ఒక కొలత ఉంది, 2012లో అంతర్జాతీయంగా ఒప్పుకున్నది. వరుస నెలల మధ్య ఏడు రోజులు, ఆపైన తేడా రావడం, అది మళ్ళీ మళ్ళీ కావడం తొలి దశ. 60 రోజులు, అంతకన్నా ఎక్కువ ఎడం వస్తే మలి దశ. నువ్వు తొలి దశ గడపలో ఉన్నట్టే కనిపిస్తోంది. ఒక్క నెల తేడా వస్తే ఏమీ కాదు, పరీక్షలకీ పెళ్ళిళ్ళకీ ప్రయాణాలకీ కూడా అటూ ఇటూ అవుతుంది.

అయితే అన్నీ దీని నెత్తినే రుద్దకు. రెండు గంటలకో ప్యాడ్ అంటే రక్తం బాగా పోతోంది. రక్తం తక్కువైనా గుండె దడ వస్తుంది, ఆయాసం వస్తుంది, మాటలు గుర్తుకు రావు, మనిషి చిరచిరలాడుతుంది. మన దగ్గర 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తహీనతే. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాకి నూటికి 59, తెలంగాణకి 58 అని వచ్చింది. కాబట్టి రేపు సీబీపీ (రక్తకణాల పరీక్ష), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), షుగరు చేయించు. ఒక స్కానింగు కూడా. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ అనే కండ గడ్డ గానీ, పాలిప్ అనే చిన్న పెరుగుదల గానీ ఉన్నా రక్తం ఇలాగే పోతుంది.

ల్యాబులో "లేడీస్ హార్మోన్ ప్యాకేజీ" అని వేలకి వేలు అడుగుతారు. ఆ ఎఫ్ఎస్‌హెచ్ ఇవాళ ఒకటి చూపిస్తే వచ్చేవారం ఇంకోటి చూపిస్తుంది. 45 దాటి లక్షణాలు స్పష్టంగా ఉంటే ఆ పరీక్ష అవసరమే లేదు, కేలండర్ చాలు. 40 లోపు అయితే మాత్రం తప్పనిసరిగా చేయించాలి, నాలుగారు వారాల ఎడంతో రెండుసార్లు. అది వేరే జబ్బు.

వేపచెట్టు | ఫిబ్రవరి 7, ఉదయం 7:30

ఇంగ్లీషు మందులు మొదలుపెట్టకండి. అశోకారిష్టం రెండు పూటలా 20 ఎంఎల్ సమంగా నీళ్ళు కలిపి తాగితే మూడు నెలల్లో అంతా సర్దుకుంటుంది. మా ఇంట్లో అందరం అదే. ఇదంతా ఒంట్లో వేడి. మజ్జిగ, సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు తీసుకోండి.

సాయంత్రం_టీ | ఫిబ్రవరి 7, ఉదయం 7:41

మా అమ్మ కూడా 20 ఎంఎల్‌తో మొదలుపెట్టింది. ఇప్పుడు గ్లాసు. నిద్ర బ్రహ్మాండంగా పడుతోందంటుంది. పట్టదా మరి, పులియబెట్టిన సరుకు!

లేబర్‌రూమ్_సిస్టర్ | ఫిబ్రవరి 7, ఉదయం 11:10

వేపచెట్టు గారూ, మజ్జిగతో నాకు పేచీ లేదు. అరిష్టాలన్నీ పులియబెట్టి చేసేవే, వాటిలో సహజంగా ఆల్కహాలు ఉంటుంది. లివరు బాగాలేనివాళ్ళు, ఇతర మందులు వాడేవాళ్ళు అడక్కుండా తాగకూడదు. అసలు కారణం ఏమిటో చూడకుండా మూడు నెలలు రక్తం పోనిస్తూ కూర్చోవడం దగ్గరే నాకు అభ్యంతరం.

"వేడి చేసింది" అన్న మాట కూడా చాలామందిని ముంచుతుంది. మెదడులో ఒంటి వేడిని కనిపెట్టుకుని ఉండే చోటొకటి ఉంది. ఈస్ట్రోజన్ ఊగేసరికి దానికి ఓర్పు తగ్గిపోతుంది. ఒంట్లో వేడి రవ్వంత పెరిగినా కొంప మునిగినట్టు రక్తనాళాల్ని వెడల్పు చేసి, చెమట పట్టించి, వేడిని బయటికి తోసేస్తుంది. ఆ ఆవిరి తగ్గగానే వణుకు. గోంగూర మెడ మీది తడి అదే కావచ్చు. అది మామిడికాయ తిన్నందుకు వచ్చే వేడి కాదు.

టెక్సాస్_తులసి | ఫిబ్రవరి 8, ఉదయం 8:25

ఇక్కడ రాత్రి అయింది. నాకు 47, విజయవాడ నుంచి వచ్చి డాలస్ దగ్గర ఇరవై ఏళ్ళయింది. నా మొదటి లక్షణం చెబితే నవ్వుతారు: భుజం.

కుడి చెయ్యి పైకి లేచేది కాదు. జడ వేసుకోలేను. సంక్రాంతి ఫంక్షనుకి చీర కడుతుంటే కొంగు భుజం మీదికి వేసుకోడానికి మా ఆయన్ని పిలవాల్సి వచ్చింది. ఎముకల డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అని ఫిజియోథెరపీ రాశాడు. ఆ తరవాత పొద్దున లేస్తే వేళ్ళు బిగుసుకుపోవడం, దురద, కళ్ళు పొడిబారడం. ఒక్కోదానికి ఒక్కో డాక్టరు. ఆరుగురు అయ్యాక ఏడో ఆవిడ "మీ పీరియడ్స్ ఎలా ఉన్నాయి?" అని అడిగింది. అంతకుముందు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇండియన్ స్టోర్లో పసుపు ప్యాకెట్లు కొని పాలల్లో కలుపుకు తాగుతున్నానప్పుడు!

నాకు హార్మోన్లు ఇచ్చారు. పొట్ట కింద అంటించుకునే చిన్న పట్టీ, వారానికి రెండుసార్లు మార్చాలి. రాత్రి పడుకునే ముందు ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్. గర్భసంచి ఉన్నవాళ్ళకి ఈ రెండోది తప్పనిసరి, లేకపోతే లోపలి పొర పెరిగిపోయి క్యాన్సర్ దాకా వెళ్ళొచ్చని చెప్పారు. నిద్ర మూడో వారానికి దారిలో పడింది. భుజానికి మాత్రం ఏడాది పట్టింది.

వరంగల్_వదిన | ఫిబ్రవరి 8, మధ్యాహ్నం 1:30

తులసీ, హార్మోన్లంటే క్యాన్సర్ వస్తది కదా? నాకు మా డాక్టరమ్మ గూడ రాస్తనన్నది, భయపడి వద్దన్న.

టెక్సాస్_తులసి | ఫిబ్రవరి 8, రాత్రి 8:10

వదినా, ఆ భయం ఎక్కడిదో నేనూ వెతికాను. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధనని మధ్యలో ఆపేశారు. రెండు హార్మోన్లూ కలిసిన మాత్ర వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ పెరిగిందని ప్రపంచమంతా హెడ్డింగులు. ఆ పెరిగింది ఎంతంటే, పదివేల మంది ఒక ఏడాది వాడితే అదనంగా ఎనిమిది మందికి. ఆ పరిశోధనలో ఉన్న ఆడవాళ్ళ సగటు వయసు 63. మనలాంటి వాళ్ళు కాదు. ఇప్పుడు 60 లోపు, లేదా మెనోపాజ్ అయిన పదేళ్ళ లోపు మొదలుపెడితే, వేరే ప్రమాదం లేనివాళ్ళకి లాభమే ఎక్కువ అంటున్నారు.

అందరికీ పనికిరాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, కాళ్ళలో రక్తం గడ్డకట్టినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, కారణం తెలియని బ్లీడింగ్ ఉన్నవాళ్ళు వాడకూడదు.

లేబర్‌రూమ్_సిస్టర్ | ఫిబ్రవరి 8, రాత్రి 9:00

తులసి భుజం గురించి ఒక మాట. నలభై, అరవై మధ్య ఆడవాళ్ళకి అది ఎక్కువ. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్ళకి మరీ ఎక్కువ. మనవాళ్ళలో షుగరు కొల్లలు. అందుకని భుజం పట్టేసిందంటే ముందు షుగరు చూడండి.

గుండె దడ కూడా అంతే. దడతో పాటు ఛాతీ బరువు, ఎడమ చెయ్యి లాగడం, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే "వయసు" అనుకుని ఊరుకోకుండా ఈసీజీ తీయించుకోవాలి.

మిరపతోట_శ్రీను | ఫిబ్రవరి 9, రాత్రి 10:30

మగాళ్ళు ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. తప్పయితే తీసేయండి.

మా ఆవిడకి 46. ఖమ్మం దగ్గర మాది. నాలుగు నెలలుగా ఫ్యాను అయిదు మీద పెట్టమంటది, పది నిమిషాలకి దుప్పటి లాక్కుంటది. రాత్రిళ్ళు లేచి వసారాలో గచ్చు మీద పడుకుంటోంది. ఏమన్నా అంటే ఏడుపు. నాకు ఇంకెవరితోనో ఉందని అనుమానం పెట్టుకుందేమో అనుకున్నా. మా అమ్మ దిష్టి తీసింది. నిన్న మా అమ్మాయి ఈ పేజీ ఫోన్లో పెట్టి "చదువు నాన్నా" అంది. మొత్తం చదివా. నేను చేయాల్సింది ఏమన్నా ఉందా?

మోడరేటర్ | ఫిబ్రవరి 9, రాత్రి 10:44

శ్రీను గారూ, నిక్షేపంగా రాయొచ్చు. మిగతావాళ్ళకి మనవి: మందుల డోసులు ఇక్కడ రాయకండి.

వరంగల్_వదిన | ఫిబ్రవరి 9, రాత్రి 11:02

శ్రీను తమ్మీ, గచ్చు మీద ఆమెను పండనియ్యి, లేపకు. పొద్దుగాల "రాత్రి మళ్ళ చెమటలు పట్టినయా?" అని ఒక్క మాట అడుగు. ఏడుపెందుకని మాత్రం అడగకు, ఆమెకే తెల్వది. నూలు దుప్పటి పల్చంది వేరేగ ఇయ్యి, ఇద్దరికి ఒక్కటే దుప్పటి పెట్టుకోకుర్రి. రాత్రి అన్నం జల్ది తినుర్రి, కారం తగ్గియ్యుర్రి. మిరపతోట వేసినోనికి కారం తగ్గియ్యమని చెప్పుడు నా ఖర్మ 😄

ఒకరోజు పని ఇడిసిపెట్టి నువ్వే దవాఖానకు తోల్కపో. నీ పక్కన కూసోని డాక్టరుకు ఆమెనే చెప్పనియ్యి. నడుమ నువ్వు మాట్లాడకు.

పొలంగట్టు | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 2:15

అక్కలందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా. నాకు 38. నాకిదేదీ వర్తించదనుకుని చదవడం మొదలుపెట్టా, ఎందుకంటే నాకు గర్భసంచే లేదు. నాలుగేళ్ళ కిందట తీసేశారు. తెల్లబట్ట, నడుంనొప్పి అని ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి పోతే ఆయనే టౌన్లో ఒక ఆసుపత్రికి పంపాడు. స్కానింగు తీసి "సంచికి పుండు పడింది, వదిలేస్తే క్యాన్సరు" అన్నారు. పిల్లలు పుట్టేశారు కదా ఇంకెందుకు, తీయించేసుకో అన్నారు ఇంట్లో కూడా. మా వీధిలో నాతో కలిపి అయిదుగురికి తీసేశారు.

అప్పట్నుంచీ నాకు ఒళ్ళంతా మంటలు. ఆపరేషనయిన రెండో వారం నుంచే. రాత్రి జాకెట్టు మార్చుకోవాల్సినంత చెమట. మోకాళ్ళు నొప్పులు. నిద్ర లేదు. ఇంకా... అది కూడా నొప్పే, మా ఆయనకి చెప్పుకోలేను. ఆపరేషన్ చేసిన చోట అడిగితే "బలం తగ్గింది" అని ప్రతి నెలా సెలైను ఎక్కిస్తున్నారు. మీరు రాసేవన్నీ నాకున్నాయి. గర్భసంచి లేకపోయినా వస్తాయా అక్కా?

లేబర్‌రూమ్_సిస్టర్ | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 2:50

తల్లీ, నీ డిశ్చార్జి కాగితం ఉందా? అందులో ఆపరేషన్ పేరు ఇంగ్లీషులో ఉంటుంది. దాని చివర బీఎస్ఓ అనే మూడు అక్షరాలు ఉన్నాయేమో చూసి చెప్పు. చదవడం రాకపోతే పిల్లల చేత చదివించు.

పొలంగట్టు | ఫిబ్రవరి 10, సాయంత్రం 6:40

రేషన్ కార్డు, పాసు పుస్తకాలు పెట్టే ఫైల్లో ఉంది సిస్టర్. మా బాబు చదివాడు. టీఏహెచ్ ప్లస్ బీఎస్ఓ అని ఉందంట. అంటే ఏంటి?

లేబర్‌రూమ్_సిస్టర్ | ఫిబ్రవరి 10, రాత్రి 7:30

అంటే గర్భసంచితో పాటు రెండు వైపులా అండాశయాలు కూడా తీసేశారమ్మా.

అందరికీ మెల్లగా ఏళ్ళ తరబడి జరిగేది నీకు ఒక్కరోజులో జరిగింది. పెరిమెనోపాజ్ అనే దారే లేకుండా నిన్ను 34 ఏళ్ళకి నేరుగా చివరి స్టేషన్లో దింపేశారు. నీ మంటలు, నొప్పులు అందువల్లే. పిచ్చీ కాదు, దిష్టీ కాదు. సెలైన్లో ఉండేది ఉప్పు నీళ్ళు, దీనికి పనికిరాదు. డబ్బు పెట్టకు.

ఇంత చిన్న వయసులో అండాశయాలు పోతే ఎముకలు, గుండె కూడా దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకని వేరే అడ్డంకి లేకపోతే మామూలుగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్లు ఇవ్వాలన్నది డాక్టర్ల పద్ధతి. గర్భసంచి లేదు కాబట్టి నీకు ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోవచ్చు. ఆ నొప్పికి కూడా లోపల రాసుకునే పూతమందు ఉంది, సిగ్గుపడకు.

మిగతావాళ్ళు వినండి. గర్భసంచి తీసి అండాశయాలు ఉంచినవాళ్ళకి పెరిమెనోపాజ్ వస్తుంది, కొంచెం ముందే రావచ్చు కూడా. డేట్ ఉండదు కాబట్టి కేలండర్ దారి చూపదు. నిద్ర, ఆవిర్లు, చిరాకు చూసి పట్టుకోవాలి.

నేను ముందు చెప్పిన 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రాలో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. నేను డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ చూశాను. నలభైల్లో బ్లీడింగ్ ఎక్కువవుతుందని వస్తారు, అది కొన్నేళ్ళలో దానంతటదే ఆగే దశ అని చెప్పే నాథుడు ఉండడు. బ్లీడింగ్ తగ్గించే మాత్రలున్నాయి, లోపల పెట్టే హార్మోను లూప్ ఉంది. అవన్నీ చూశాక కదా కత్తి!

సాయంత్రం_టీ | ఫిబ్రవరి 10, రాత్రి 8:15

పొలంగట్టూ, మీరు రాసింది చదివి నా జోకులు నాకే రోత పుట్టాయి. జాగ్రత్తమ్మా.

లెక్కల_టీచరమ్మ | ఫిబ్రవరి 11, ఉదయం 9:00

కొంచెం పక్కకెళ్తున్నా గానీ ఇదీ అవసరమే. మా అమ్మకి 44లో రెండు నెలలు తప్పింది. హమ్మయ్య ముట్లుడిగాయి అని గుళ్ళో కొబ్బరికాయ కూడా కొట్టింది. అయిదో నెల కడుపులో కదిలాక తెలిసింది, మా తమ్ముడని. వాడికీ నాకూ ఇరవై రెండేళ్ళు తేడా. నా పెళ్ళిలో వాడు ఉయ్యాల్లో ఉన్నాడు.

లేబర్‌రూమ్_సిస్టర్ | ఫిబ్రవరి 11, ఉదయం 9:25

అదీ చెప్పాల్సిందే! డేట్ ఆగిన తరవాత కూడా 50 లోపు వాళ్ళు రెండేళ్ళు, 50 దాటినవాళ్ళు ఏడాది జాగ్రత్త పడాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కానివాళ్ళకి చెబుతున్నా. నెల తప్పితే ముందు ప్రెగ్నెన్సీ కిట్టు.

ఇంకోటి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కలిసినప్పుడు రక్తం కనిపించినా, నెల మధ్యలో పదేపదే మరకలు పడుతున్నా, ఏడాది ఆగి మళ్ళీ ఒక్క చుక్క కనిపించినా ఇక్కడ పోస్టు పెట్టి జవాబు కోసం చూడొద్దు. ఆ రోజే వెళ్ళండి. ఏడాది తరవాత మళ్ళీ కనిపిస్తే "యవ్వనం తిరిగొచ్చింది" అని నవ్వుకున్న ఒకావిడ క్యాన్సర్ ముదిరాక మా వార్డుకొచ్చింది.

గోంగూర_పచ్చడి | మార్చి 14, రాత్రి 8:50

అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది. హిమోగ్లోబిన్ 9.4, ఫెరిటిన్ 8. స్కానింగులో చిన్న ఫైబ్రాయిడ్ ఒకటుంది, దాంతో పనిలేదన్నారు. ఈసారి వేరే డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను. రెండు కేలండర్లూ చుట్టి బ్యాగులో పెట్టుకుని వెళ్ళి బల్ల మీద పరిచాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని గీతలు లెక్కపెట్టుకుని "ఇవెవరు పెట్టారు?" అంది. "మా అత్తగారు." "ఆవిణ్ణి ఒకసారి తీసుకురండి" అంది నవ్వి.

ఐరన్ మాత్రలు, డేట్ రోజుల్లో బ్లీడింగ్ తగ్గే మాత్ర ఇచ్చారు. ఐరన్ వేసుకున్నాక గంట రెండు గంటలు కాఫీ టీ వద్దన్నారు. నా ప్రాణం అక్కడే పోయింది. హార్మోన్ల సంగతి మూడు నెలల తరవాత చూద్దామన్నారు. నెలయింది. గుండె దడ బాగా తగ్గింది. అంటే అది చాలావరకు రక్తం లేక వచ్చిందే, సిస్టర్ గారు చెప్పినట్టు. మూడింటి మెలకువ మాత్రం అలాగే ఉంది, వారంలో నాలుగు రోజులు.

మొన్న అలా లేచి హాల్లోకొస్తే అత్తయ్య కూడా లేచే ఉన్నారు. మంచినీళ్ళిచ్చి, "నాకూ ఆ వయసులో ఇంతేనే. చన్నీళ్ళ బిందె పక్కన పెట్టుకుని పెరట్లో కూచునేదాన్ని. మీ మావయ్య దొంగలొచ్చారనుకుని కర్ర తీసుకొచ్చారు ఓసారి" అన్నారు. పదహారేళ్ళలో నాతో ఈ మాట ఆవిడ ఎప్పుడూ అనలేదు.

మిరపతోట_శ్రీను | మార్చి 15, ఉదయం 6:10

ఇద్దరం వెళ్ళొచ్చాం. వదిన చెప్పినట్టు నేను నోరు తెరవలేదు. ఇరవై నిమిషాలు ఆవిడే మాట్లాడింది. సగం నాకు తెలియనివే. దుప్పట్లు రెండు కొన్నా.

పొలంగట్టు | మార్చి 18, రాత్రి 9:30

సిస్టర్, రేపు ఒంగోలు పెద్దాసుపత్రికి పోతున్నా. ఏమడగాలో మర్చిపోతానని భయం. రాసిపెట్టండి, మా బాబు చేత కాగితం మీద రాయించుకుంటా.

లేబర్‌రూమ్_సిస్టర్ | మార్చి 18, రాత్రి 9:42

రాసుకో తల్లీ. "34కి రెండు అండాశయాలూ తీసేశారు, నాకు హార్మోన్లు ఇవ్వొచ్చా?" ఇది మొదట. "ఎముకల బలం చూసే పరీక్ష చేయించాలా? కాల్షియం, డి విటమిన్ ఎంత?" ఇది రెండు. "కలిసినప్పుడు నొప్పి, దానికి పూతమందు రాయండి." ఇది నోటితో అడగలేకపోతే కాగితం చూపించు చాలు. మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ గానీ, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం గానీ ఉంటే అడక్కుండానే చెప్పు. డిశ్చార్జి కాగితం జిరాక్స్ ఇవ్వు, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకు.

మూడోది మీ బాబు చేత రాయించకు. నువ్వే రాయి, లేదా ఈ ఫోనే చూపించు.

పొలంగట్టు | మార్చి 19, ఉదయం 6:55

బస్సెక్కా సిస్టర్. మా తోటికోడలు కూడా వస్తోంది, ఆమెది కూడా అదే ఆసుపత్రి కాగితం. దాని మీద కూడా ఆ మూడక్షరాలే ఉన్నాయి. ఫైళ్ళు రెండూ నా ఒళ్ళోనే ఉన్నాయి.